ఎనిమిది తీర్ల నీళ్ళు

రాణిగంజ్‌ల మా పైపుల దుకాణం ముంగట
పొద్దుగాల పదింటికి నా నీళ్ళాట మొదలైతది.
చేతిల ఇత్తడి నాజిల్. మెడ తిప్పితే ఎనిమిది తీర్లు:
మంచు, జల్లు, గొడుగు, విసనకర్ర,
సన్నదార, బండదార, వానతుంపర.
ఎనిమిదోది నాకెప్పుడూ యాదికుండదు,
ఎవ్వరూ లెక్కవెట్టరు గనక నడుస్తున్నది.

డబ్బా మీద బొమ్మల ఎవరిదో పచ్చిక,
దాని మీద అడ్డంగ సింగిడి.
యాభై అడుగులు కొడ్తదని రాసుంటది.
కొడ్తది, నేనే సాక్షి.
ఎదురుంగ బేరింగుల దుకాణం బోర్డు
రోజూ నేనే కడుగుత,
రోజూ వాళ్ళు తిడ్తరు.

చెప్పనిది ఒక్కటే.
కౌంటర్ ఎనుక, గోనెసంచి కింద,
ఒక హెచ్‌పీ మోటరు గుర్రుమంటుంటది.
ఎవరన్న అడిగితే ఫ్రిజ్జు సప్పుడంటడు దామ్‌జీ సేటు.
మా దుకాణంల ఫ్రిజ్జు లేదు.

మౌలాలి ఎస్తేరు టీచరమ్మ
మూడొందల ఎనభై పెట్టి కొన్నది.
పదిహేను దినాలకు మళ్ళ వచ్చింది.
లొల్లి చెయ్యలే, రశీదు తియ్యలే.
"ఐలేశూ, నీ చేతిల పులి లెక్కుండె,
మా డాబా ఎక్కినంక పిల్లైంది.
ఒకపారి వచ్చి చూసిపో" అన్నది.
తిట్టేటోళ్ళకు నా దగ్గర జవాబులున్నయి.
పిలిచేటోళ్ళకు ఎవ్వరూ నేర్పలే.

ఐతారం, ఆమె చర్చి నుంచి వచ్చినంక పోయిన.
మూడంతస్తులు.
పెయింటు డబ్బాలల్ల చుక్కకూర,
పాడైన కూలర్ తొట్టిల దొండతీగ,
ఒక మూలకు ఎండిన గులాబి, దాని పేరు చీటి ఇంక పచ్చగనే ఉన్నది.
ఇటుకల దిమ్మె మీద నల్లటి ట్యాంకు,
నా నడుమంత ఎత్తు. గంతే.
అండ్లకెళ్ళే పైపు.

తిప్పిన.
మంచు అంటే గుటకలు మింగింది.
జల్లు అంటే నాలుగు దారప్పోగులు.
బండదార
నా చెప్పుల మీద పడ్డది.

నీళ్ళ బలం ఇత్తడిల ఉండదు, ఎత్తుల ఉంటది.
గిది నాకు ఇయ్యాల తెల్సిందా?
పద్నాలుగేండ్ల సంది తెల్సు.
తెల్సే అమ్మిన.

నాజిల్ పీకి
పైపు మూతికి బొటనేలు అడ్డం పెట్టిన.
దొండతీగ దాంక పోయింది.
నా ఏలుకు డబ్బా లేదు, సింగిడి లేదు.

"పైసలు వాపస్ ఇప్పిస్త టీచరమ్మా."
ఆమె ఇనలే. నల్లా కాడికి తీస్కపోయింది.
నాజిల్ పైపు నల్లాకు అతికే జాగల
వాచరు సక్కగ కూసోక చుక్క, చుక్క.
కింద సిమెంటు పగులుల
ఎప్పుడో కూరకు తుంచి పారేసిన పుదీన కాడ
అరచెయ్యంత గుబురైంది.
"నేను పెట్టినయన్ని ఎండినయి, గిది నేను పెట్టనే లేదు.
గిదేనా నువ్వు మర్చిపోయిన ఎనిమిదో తీరు?"
అని నవ్వింది. నాలుగు రెబ్బలు తుంచి చేతిల పెట్టింది.
బస్సుల అంగి జేబు వాసన చూస్కుంట వచ్చిన.

మొన్న పగటీలి కరెంటు పోయింది.
అల్వాల్ నుంచి ఎవరో ఆలుమొగలు ముంగట నిలవడి చూస్తున్నరు.
యాభై అడుగుల నీళ్ళు గాలిల ఉండంగనే మెత్తవడి
నా కాళ్ళ కాడ కూలినయి.
ఫ్రిజ్జు బందైంది.
సేటు నా దిక్కు చూసిండు.
నేను సేటు దిక్కు చూడలే.
"మీ ట్యాంకు ఎంత ఎత్తుల ఉంటది సార్?"
ఆయన ఆమె దిక్కు చూసిండు,
ఆమె చెయ్యి లేపి గాలిల కొలిచింది,
కొద్దిగ దించింది, మళ్ళ ఇంకొద్దిగ.
ఐదు రూపాయల వాచరు కొనుక్కోని పోయిన్రు.

సేటు ఇంక మాట్లాడతలేడు.
ఎదుటి బోర్డు మీద
సగం కడిగిన పేరు
అట్లనే ఎండింది.